రేడియోకి ఆఖర్న తెలుస్తుంది

హోసకోటెలో వాన.
జనరేటరు షెడ్డు రేకుల మీద
శనగలు పారబోసినట్టు వాన.
బెంగళూరు వైపు మబ్బంతా వీధిదీపాల రంగు.
నాకు వీటితో పని లేదు.
నా ఆకాశం ఇక్కడ లేదు,
లడఖ్‌లో, హాన్లేలో, మైనస్ పదకొండులో ఉంది.
నేనిక్కడ స్వెట్టరైనా లేకుండా మౌసు నొక్కితే
అక్కడ గుమ్మటం తల తిప్పుతుంది.

రెండు నలభైకి మెయిలొచ్చింది.
పైన తిరిగే ఉపగ్రహం గామా కిరణాల్లో చూసిందట,
మూడు వారాలుగా గుట్టుగా ఉన్న క్వేజార్
మామూలుకి పద్నాలుగు రెట్లు మండుతోందట.
దానికి పేరు లేదు. ఫోన్ నంబరులాంటి అంకెలున్నాయి,
మధ్యలో ఒక ప్లస్సు.
"వీలైనవాళ్ళందరూ వెంటనే చూడండి."

వెంటనే!
ఐదువందల కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుతురు.
అప్పటికి భూమికి మట్టి కూడా పోగవలేదు.
దాని కోసం టీ సగంలో వదిలేసి పరుగెత్తాను.
చెప్పొకటి వరండాలోనే ఉండిపోయింది.

రిగ్జిన్‌కి ఫోను చేశాను.
"గాలెంత?"
"తెరవొచ్చు," అన్నాడు ఆవలిస్తూ.
ఆ ఆవలింత పైదాకా ఎక్కి, దిగొచ్చి
నాకూ అంటుకుంది.

ఈ ఒక్క చుక్క కోసం ఈ రాత్రి
ఎవరెవరు మేలుకున్నారో తెలీదు.
ఎవరో ఎక్స్‌రేలో, ఎవరో అతినీలలోహితంలో,
ఎక్కడో మైదానంలో పళ్ళేలన్నీ ఒక పక్కకి వంచి
ఎవరో రేడియోలో.
మా వాటాకొచ్చింది కంటికి కనిపించే వెలుతురు.
అదీ కంటికి కాదు, కెమెరాకి.

వాన సన్నగిల్లాక వాచ్‌మన్ మునివెంకటప్ప వచ్చాడు.
మాలూరు పక్క మనిషి. ఆయన తెలుగు
కన్నడం దండెం మీద ఆరేసినట్టుంటుంది.
"ఏం మా, ఇంగా కనబళ్ళేదా మీ నిప్పు?"
చంకలో ట్రాన్సిస్టరు. పాటలు రావు దాంట్లో,
మీడియం వేవు గరగర తప్ప.
అది ఉన్నట్టుండి చిటపటమంది.
"మెరిసె," అన్నాడు, తలైనా తిప్పకుండా.
కిటికీలో ఏమీ లేదు, నీలగిరి తోపు, దాని వెనక చీకటి.
ఇరవై రెండు లెక్కపెట్టాక
ఉరుము దిగింది, కంకర దించుకున్న టిప్పరులా.
"రేడియోకి ముందు తెలుస్తాది మా. చెవికి ఆఖర్న."

అక్కడ వరస తిరగబడుతుంది.
కృష్ణబిలం అంచునుంచి చిమ్మే ధార
పుట్టినచోట ఎంత చిక్కనంటే
రేడియో తరంగం బయటపడలేదు,
తన పొగలో తనే ఉక్కిరిబిక్కిరి.
ధార సాగి, పలచబడి, చాలా దూరం జరిగాక
నెలకో రెణ్ణెల్లకో నోరు విప్పుతుంది,
అవును, జరిగింది, అని.
మా వారిజ కూడా అంతే.
దసరాకి నవ్వి ఊరుకున్న మాటకి
ఉగాది నాడు ఏడ్చింది.

మూడు ముప్పై ఐదు. ఆరు ఫ్రేములు.
పక్క చుక్కలతో తూచాను.
ఫిల్టరు మార్చి మళ్ళీ తూచాను.
నిన్నటి చుక్కే.
గామాలో కొంపంటుకుంది,
వెలుతురులో వాకిట ముగ్గు చెదరలేదు.
ఇలా తోడు లేకుండా లేచినదాన్ని
అనాథ జ్వాల అంటారు మావాళ్ళు.
అనడం తేలిక. ఎందుకలా అన్నదానికి
తలా ఒక సమాధానం, తలా ఒక పేపరు.

"ఏమీ లేదు," అన్నాను మునివెంకటప్పతో,
పరీక్ష తప్పినదానిలా.
"ఏమీ లేదని రాసుకోవద్దా మరి?
గేటు పుస్తకంలో నేను రాస్తా గదా,
ఎవరూ రాలేదని. టయిము ఏసి."

రాశాను.
ఎరుపు ఫిల్టరు, మార్పు లేదు, పొరపాటు మూడు శాతం లోపు.
టైము వేశాను.

రేడియోవాళ్ళు డిసెంబరు దాకా ఆగమన్నారు.
గోడ మీద డ్యూటీ పట్టిక చూశాను.
డిసెంబరు రెండోవారం వారిజది.
నాలుగున్నరకి చెప్పు కోసం వరండాలోకెళ్తే
దాన్నిండా నీళ్ళు.